ఇంటికిచ్చిన లెక్క

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



రజతోత్సవ సభలలో గ్రంథాలయోద్యమ చరిత్రమును స్మరించుకొనుట ఆచారము. ఆ పని నాకంటె అర్హులైన వక్తలు ఉదయమే నిర్వహించియున్నారు. కార్యదర్శిగారు నాకు వేరొక విషయము నప్పగించిరి. సెలవులకు ఇంటికి వచ్చిన కళాశాల విద్యార్థులు మన పఠనమందిరమున కూర్చుండి, పత్రికలకంటె ఎక్కువగా తమ అసైన్‌మెంటు కాగితములనే ముందుంచుకొనుచున్నారట. ఆ లెక్కలేమో, వానినెందుకు ఇత్తురో తలిదండ్రులకు తెలియుటలేదట. అందరికి అర్థమగునట్లు వానిని గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని వారి కోరిక. చాలకాలము కళాశాలలో గణితము బోధించినవాడను గనుక కాదనలేకపోతిని.

ఈ సభలో కూర్చున్నవారిలో పలువురు తమ వంశమున మొట్టమొదటిసారిగా ఒక బిడ్డను కళాశాలకు పంపినవారు. రుసుములకును, వసతిగృహమునకును ఎంత వెచ్చించుచున్నారో మీకే ఎరుక. ఆ ధనమునకు తగిన ఫలము తరగతిగదిలో లభించునని మీ నమ్మకము. సగము లభించును. తక్కిన సగము తరగతి ముగిసిన పిమ్మట, రాత్రి వేళ, బిడ్డ ఒంటరిగా ఒక లెక్కతో కుస్తీ పట్టునపుడు లభించును. ఆ కుస్తీని వేరొకరు పట్టిపెట్టినచో గురువుగారికి కాగితము అందును, మార్కులు పడును. బిడ్డకు మాత్రము ఏమియు మిగులదు. ఆ లెక్క జవాబు గురువుగారికి ముందే తెలియును. తెలిసిన జవాబుకొరకు ఆయన అడుగుటలేదు.

లెక్కనిచ్చి చేయుమనుట మనకు కొత్తది కాదు. భాస్కరాచార్యుడు 1150లో రచించిన లీలావతియందు తుమ్మెదలును, నెమలియు, పామును లెక్కలలోనికి వచ్చినవి. అంతకు పూర్వమే మహావీరాచార్యుడు రచించిన గణితసారసంగ్రహమును పావులూరి మల్లన తెనుగు పద్యములలోనికి తెచ్చెను. గణితమును తెలుగులో చెప్పవీలుకాదను వారికి ఈ ఒక్క పేరు చాలును.

అయితే బడిలెక్కకును, కళాశాల లెక్కకును ఒక భేదము కలదు. బడిలో ఏ పాఠము చెప్పిరో ఆ పాఠము లెక్కలే ఇత్తురు. పద్ధతి ముందే చేతికి వచ్చును. కళాశాలలో ఏ పద్ధతి వాడవలెనో విద్యార్థియే నిర్ణయింపవలెను. మనవారు తడబడునది అచ్చటనే.

మనకు పరిచితమైన ఒక భౌతికశాస్త్రపు లెక్కను చూతము. బావిలోనికి ఒక రాయిని జారవిడిచితిమి. సరిగా రెండు సెకనులకు నీటిచప్పుడు వినవచ్చినది. నీరెంత లోతున నున్నది? క్రిందికి పడు వస్తువు వేగము ప్రతి సెకనుకును సెకనుకు 9.8 మీటర్ల చొప్పున హెచ్చును. ఆ లెక్కన పడిన దూరము, 9.8లో సగమును కాలముయొక్క వర్గముచే గుణించిన వచ్చును. 4.9ని 4చే గుణించిన 19.6 మీటర్లు. చాలమంది ఇంతటితో కలము క్రింద పెట్టుదురు.

కాని రెండు సెకనులలో జరిగినది ఒక్క పని కాదు, రెండు. రాయి క్రిందికి పోయినది. చప్పుడు పైకి వచ్చినది. చప్పుడునకును కాలము పట్టును. గాలిలో అది సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును. ఈ రెండు కాలములును కలిసి 2 సెకనులు కావలెను. ఇట్లు వ్రాసికొన్నచో వర్గసమీకరణము వచ్చును. సాధించినచో రాయి పడిన కాలము 1.945 సెకనులు, లోతు 18.55 మీటర్లు. మొదటి జవాబునకును దీనికిని ఒక మీటరుకు పైగా తేడా. చేదతాడు కొనువానికి ఆ మీటరు విలువ తెలియును.

వర్గసమీకరణమునకు రెండు మూలములుండును గదా. రెండవది ఋణసంఖ్య, అనగా రాయి విడువకముందటి కాలము. దానిని కొట్టివేయవలెను. ఎందుకు కొట్టివేసితివని అడిగినచో, “పుస్తకములో కొట్టివేసినారు” అని చెప్పు విద్యార్థులను నేను ఎందరినో చూచితిని. “విడువని రాయి పడదు గనుక” అని చెప్పినవారు బహు కొద్దిమంది. ఆ చిన్న వాక్యము చెప్పగలుగుటయే చదువు. వచ్చిన జవాబును మరల సరిచూచుకొనుట దాని తరువాతి మెట్టు. పాతకాలపు అడుగులలో చేసినచో, చప్పుడును విడిచిపెట్టి, 16ను 4చే గుణించి 64 అడుగులు. అదియును ఇంచుమించు పందొమ్మిదిన్నర మీటర్లే. రెండు దారులును ఒక్క చోటికి వచ్చినవి. పొరపాటున దశాంశబిందువు జరిగి 196 మీటర్లు వచ్చెననుకొందము. నీళ్లు చేదిన ఏ ఇల్లాలైనను నవ్వును. ఆ నవ్వు విద్యార్థికి తనంతట తనకు రావలెను.

ఇక కంప్యూటరు చదువు. ఎల్లవేళల తెరవంక చూచుచుందురని తల్లుల ఫిర్యాదు. నిజమునకు ఆ శాస్త్రమునందలి మేలైన లెక్కలు కాగితముమీదనే చేయదగినవి. అందొకటి మన గ్రంథపాలకుని బల్లవద్దనే కలదు. మన బీరువాలలో 4,000 పుస్తకములు వరుససంఖ్య ప్రకారము అమర్చబడియున్నవనుకొందము. ఒక సంఖ్యగల పుస్తకము కావలెను. మొదటినుండి ఒక్కొక్కటిగా చూచుచు పోయినచో 4,000 సార్లు చూడవలసివచ్చినను రావచ్చును. అట్లుగాక సరిగా నడుమనున్న పుస్తకమును చూడుడు. కావలసిన సంఖ్య దానికంటె చిన్నదైనచో కుడిసగమును విడువుడు. పెద్దదైనచో ఎడమసగమును విడువుడు. మిగిలినదానిలో మరల నడుమ చూడుడు. 4,000 కాస్త 2,000 అగును. పిదప 1,000, 500, 250, 125, 62, 31, 15, 7, 3, 1. పండ్రెండు సార్లు చూచునప్పటికి పుస్తకము దొరకును, లేదా లేదని తేలును. పుస్తకములు 8,000 అయినచో ఇంకొక్కసారి చూచిన చాలును. అయితే పుస్తకములు వరుసలో ఉన్నప్పుడే ఈ ఉపాయము పనిచేయును. చదివినవారు పుస్తకమును తోచినచోట దూర్చిపోవలదని గ్రంథపాలకుడు గోలపెట్టుట ఊరకే కాదు.

వినుటకు ఇంత సులభమైన దీనిని కంప్యూటరుకు అర్థమగునట్లు తప్పులేక వ్రాయుమన్నచో తెలియును. బీరువా ఖాళీగా ఉన్నచో ఏమగును? ఒక్కటే పుస్తకమున్నచో? అడిగిన పుస్తకము అసలే లేనిచో? ఈ ప్రశ్నలు వేసికొనకుండ వ్రాసిన క్రమణిక కొన్ని వేళల ఎన్నటికి ఆగక తిరుగుచుండును. ఇందు విద్యార్థులు సిగ్గుపడవలసినదేమియు లేదు. ఈ పద్ధతి 1946లోనే ప్రకటింపబడినను, ఎన్ని వస్తువులున్నను సరిగా పనిచేయు రూపము చాల ఏండ్లవరకు అచ్చుకాలేదని డోనాల్డు నూత్ అను గొప్ప శాస్త్రజ్ఞుడు గుర్తించెను. మరియు 2006లో జాషువా బ్లాక్ అను ఆయన ఒక సంగతి బయటపెట్టెను. జావా యను భాషతోపాటు వచ్చు సిద్ధపు క్రమణికలలో తాను వ్రాసిన ఈ క్రమణికయందే ఒక దోషము తొమ్మిదేండ్లపాటు దాగియుండెనట. సంఖ్యలు మిక్కిలి పెద్దవైనపుడు, నడిమి స్థానమును కనుగొనుటకై రెండు కొసలను కూడునప్పుడే ఆ మొత్తము కంప్యూటరు పట్టగల మేరను దాటిపోవుచుండెను. అట్టి సిద్ధపు క్రమణికల సంపుటమును వారు లైబ్రరీ యనియే పిలుతురు. ఆ లైబ్రరీలోనిది గదా అని ఎవరును సరిచూడలేదు.

వాణిజ్యశాస్త్రపు లెక్కను గూర్చి కొంచెము నిదానముగా చెప్పెదను. ఇది మీ ఇంటి బీరువాలోని కాగితములకు సంబంధించినది. ఒకరు రూ. 12,000 అప్పు తీసికొనిరి. ఏడాదికి నూటికి 12 రూపాయల వడ్డీ అని చెప్పిరి. వడ్డీ 1,440 కలిపి, మొత్తము 13,440ని పండ్రెండు నెలలకు భాగించి, నెలకు 1,120 చొప్పున కట్టుమనిరి. చూచుటకు ధర్మముగనే ఉన్నది. మన ఊళ్లలో నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ వాడుక గనుక, రూపాయి వడ్డీయే గదా అని సంతోషముగా సంతకము చేయుదురు.

బీకాం విద్యార్థికి ఇంటికిచ్చు ప్రశ్న ఏమనగా, నిజమైన వడ్డీ రేటెంత? ఒక్కమారు ఆలోచింపుడు. పండ్రెండు వేలు ఏడాదిపొడవున అప్పుదారునివద్ద నుండెనా? లేదు. నెలనెలకును అసలులో కొంత తిరిగి పోవుచునే యున్నది. మొదటినెల 12,000 ఉండెను. చివరినెలకు సుమారు 1,000 మిగిలెను. సగటున అతని చేతిలో నున్నది 6,500 మాత్రమే. ఆరువేల అయిదువందలకు 1,440 వడ్డీ యనగా నూటికి సుమారు 22. వాయిదా పట్టికతో ఖచ్చితముగా కట్టినచో ఇరువదియొకటిన్నరకు దగ్గరగా వచ్చును. పండ్రెండని చెప్పిన వడ్డీ, ఇంచుమించు రెండింతలు. కాగితములో అబద్ధమేమియు వ్రాయలేదు; పండ్రెండును మొదటి అసలుమీద కట్టిరి, అంతే. మోటారుసైకిలు మొదలు ఇంటి సామానులవరకు వాయిదాలలో కొను ప్రతివాడును అడుగవలసినది, వడ్డీ మొదటి అసలుమీదనా, తరుగుచున్న అసలుమీదనా అని.

ఈ లెక్కను ఏటేట వందలాది విద్యార్థులు పరీక్షకై చేయుచున్నారు. వారిలో ఎందరు తండ్రి సంతకముచేసిన కాగితమును ప్రక్కన పెట్టుకొని చేసిరి? నేను అడిగిన తరగతులలో చేతులు లేచిన జ్ఞాపకము లేదు. లెక్క పుస్తకములోను, అప్పు ఇంటిలోను వేరువేరుగా ఉండిపోయినవి. ఈ గోడను పడగొట్టుటకు గ్రంథాలయముకంటె అనువైన చోటు లేదు. తండ్రియు, బిడ్డయు ఇరువురును వచ్చు గది ఇదియే.

ఇంటిలెక్కల చరిత్రలో రెండు కథలు ప్రసిద్ధములు. 1939లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున జార్జి డాంట్సిగ్ అను విద్యార్థి, జెర్జీ నేమన్ అను ఆచార్యుని తరగతికి ఆలస్యముగా వచ్చెను. నల్లబల్లపై రెండు లెక్కలుండెను. ఇంటికిచ్చినవి కాబోలునని వ్రాసికొనిపోయెను. కొన్ని దినముల పిమ్మట, మామూలుకంటె కొంచెము కష్టముగా నుండెననియు, ఆలస్యమైనందుకు మన్నింపుడనియు చెప్పి సమర్పించెను. అవి ఇంటిలెక్కలు కావు. సంఖ్యాశాస్త్రమున అంతవరకు ఎవరును సాధింపని సమస్యలు. ఆ డాంట్సిగ్‌గారే 1947లో, ఉన్న వనరులతో గరిష్ఠఫలమును పొందు మార్గమును కనుగొను సింప్లెక్స్ పద్ధతిని కల్పించెను. ఈనాడు వాణిజ్య విద్యార్థులకు అదియే ఇంటిలెక్కగా వచ్చుచున్నది!

రెండవది 1951 నాటిది. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున రాబర్టు ఫానో అను ఆచార్యుడు, పరీక్ష వ్రాయుడు, లేదా ఈ సమస్యను సాధించి వ్యాసము వ్రాయుడని విద్యార్థులకు చెప్పెను. అక్షరములను సున్నలు, ఒకట్లుగా మార్చునపుడు మిక్కిలి పొదుపైన పద్ధతి ఏది యనునది సమస్య. తానును దానిని సాధింపలేదని ఆయన చెప్పలేదు. డేవిడ్ హఫ్‌మన్ అను విద్యార్థి నెలలతరబడి శ్రమించి, విసిగి, ఇక పరీక్షకే చదువుకొందమని నిశ్చయించుకొన్న సమయమున మార్గము తోచినది. 1952లో అది ప్రకటింపబడెను. మీ చేతిఫోనుతో తీసిన ఛాయాచిత్రమును చిన్నదిగా ముడుచుటలో సాధారణముగా ఆ పద్ధతి నేటికిని పనిచేయుచున్నది.

ఈ కథలు విని ప్రతి అసైన్‌మెంటు వెనుక ఒక ఆవిష్కారము పొంచియున్నదని భ్రమపడవలదు. మన పిల్లలు చేయు లెక్కలు ఇదివరకెవరో చేసినవే. నాకు ఆ కథలలో నచ్చినది వేరు. వెనుకపుటలో జవాబు ఉన్నదను ధైర్యము ఆ యిరువురికిని లేదు. ఉండియుండినచో ఎన్ని రాత్రులు కూర్చుండెడివారో చెప్పలేము.

ఇప్పుడు జవాబు వెనుకపుటలో కాదు, జేబులోనే ఉన్నది. మునుపు గైడు పుస్తకములుండెను. కళాశాల ఎదుట జిరాక్సు అంగడిలో నిరుటి విద్యార్థి రికార్డు నకలు దొరకెడిది. డబ్బు పుచ్చుకొని ప్రాజెక్టు వ్రాసిపెట్టువారును ఉండిరి, ఉన్నారు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడిన తరువాత, ప్రశ్నను అడిగినంతనే యంత్రమే మెట్లతోసహా వ్రాసియిచ్చుచున్నది. దీనిని నిషేధింపుడని నేను చెప్పను, చెప్పినను వినువారెవరు? గురువులలోను దోషమున్నది. పదేండ్లుగా అదే పది లెక్కలను మార్చక ఇచ్చు ఉపాధ్యాయుడు, విద్యార్థి నకలు వ్రాసెనని కోపించుట న్యాయము కాదు. యంత్రమును వాడుటలోనే వివేకము కావలెను. మొదట తాను చేయగలిగినంత చేసి, “నా మూడవమెట్టులో తప్పున్నదా?” అని అడుగుట వేరు, “జవాబిమ్ము” అనుట వేరు. యంత్రము ఒప్పును ఏ కంఠముతో చెప్పునో తప్పును అదే కంఠముతో చెప్పును. 196 మీటర్లని చెప్పినను తడబడదు. బావి ఎరిగినవాడే దానిని పట్టుకొనగలడు.

గైడు పుస్తకమును గూర్చి ఇంకొక మాట. శ్రీనివాస రామానుజన్ కుంభకోణమున విద్యార్థిగా నున్నపుడు, 1903 ప్రాంతమున, కార్ అను ఆంగ్లేయుని గణిత సంగ్రహము ఆయన చేతికి వచ్చెను. కళాశాల గ్రంథాలయమునుండి ఎరువు తెచ్చిన ప్రతి అది. కార్ లండనులో విద్యార్థులను పరీక్షలకు తయారుచేయు ఉపాధ్యాయుడు. అనగా అది ఒక విధమైన గైడు. సుమారు 5,000 ఫలితములున్నవి. ఉపపత్తులు చాలవరకు లేవు, ఉన్నను రెండు ముక్కలు. జవాబులు ఇచ్చి దారి చూపని ఆ పుస్తకమునకు రామానుజన్ దారులన్నియు తానే వేసికొనెను. తలిదండ్రులు కలవరపడకుండుటకై చెప్పుచున్నాను, ఆయన గణితమునే పట్టుకొని తక్కిన విషయములను విడిచినందున ఎఫ్.ఏ. పరీక్ష తప్పెను. ఆ భాగము అనుకరింపదగినది కాదు.

మన పిల్లలకు వేరొక చిక్కు కలదు. తెలుగు మాధ్యమమున చదివి ఆంగ్ల మాధ్యమ కళాశాలకు పోయిన బిడ్డకు లెక్క రాకపోవుట లేదు. ప్రశ్న అర్థము కాదు. ‘రెస్ట్’ అనగా విశ్రాంతి యని నిఘంటువు చెప్పును. భౌతికశాస్త్రపు లెక్కలో వస్తువు ‘రెస్ట్’లో నున్నదనగా దాని వేగము సున్న అని. ‘వర్క్’ అనగా పని; కాని బరువు మోయుచు కదలక నిలుచున్న కూలివాడు భౌతికశాస్త్రము ప్రకారము ఏ పనియు చేయలేదు! ఖాతా లెక్కలలో ‘క్రెడిట్’ అప్పు కాదు, పద్దులో కుడిప్రక్క. ఇట్టి మాటలు రెండువందలు తెలిసినచో సగము భయము తీరును. తెలియక తరగతిలో వెనుకబెంచీకి పోయి, అక్కడినుండి చదువే మానుకొన్న తెలివిగల పిల్లలు నా కన్నులయెదుట ఉన్నారు. వారికి తెలివి తక్కువయని ఇంటిలో చెప్పిరి. అది నిజము కాదు.

కావున కార్యవర్గమునకు నా మనవి ఇది. భారతదేశమున గ్రంథాలయశాస్త్రమునకు పునాది వేసిన రంగనాథన్‌గారు 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకులు కాకముందు గణితోపాధ్యాయులు. లెక్కలకు గ్రంథాలయమున చోటిచ్చుట అపచారము కాజాలదు. పఠనమందిరమున కిటికీ ప్రక్కన ఒక పెద్దబల్ల, మంచి దీపము, ఒక చిన్న నల్లబల్ల ఏర్పాటు చేయుడు. తెలుగు అకాడమీవారి ఇంటర్మీడియట్ పుస్తకములు, హాల్-నైట్ బీజగణితము, లోనీ త్రికోణమితి, భౌతికశాస్త్రమునకు ఇరోడోవ్ లెక్కల పుస్తకము, ఒక ఖాతా లెక్కల పుస్తకము తెప్పించుడు. ఒక లావుపాటి నోటుపుస్తకము ఆ బల్లమీదనే ఉండవలెను. లెక్క చిక్కుపడినవారు ప్రశ్నయు, తాము చేసిన మెట్లును అందు వ్రాయుదురు. తెలిసినవారు తరువాతి ఒక్క మెట్టును మాత్రమే వ్రాయవలెను. జవాబు వరకు వ్రాయరాదు. చివరి పుటలలో పైన చెప్పినట్టి మాటలకు అర్థములు చేర్చుచుండవలెను. మన ఊరిలో విశ్రాంత ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగము చేసి వచ్చినవారు ఉన్నారు. పరదేశములలో ఉద్యోగములు చేయుచున్న మన ఊరి యువకులు చందాలు పంపుచున్నారు. వారానికొక గంట పంపిన ఇంకను మేలు.

కార్యదర్శిగారు బల్లకు ఒప్పుకొన్నారు. నోటుపుస్తకమును నేను తెచ్చితిని. మొదటి పుటలో ఒక ప్రశ్న వ్రాసియుంచితిని. ఇందాకటి రూ. 12,000 అప్పునే, అదే రూపాయి వడ్డీకి, పండ్రెండు నెలలకు బదులు ఇరువదినాలుగు నెలల వాయిదాలలో కట్టినచో నిజమైన వడ్డీ రేటు హెచ్చునా, తగ్గునా? ఆదివారము సాయంకాలము అయిదు గంటలకు తీరుబడి యున్నవారు రండు. మీ ఇంటి వాయిదా కాగితములున్నచో వానినికూడ తీసికొనిరండు.